నక్షాలో వాడ ఎక్కడ?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని మనకో సామెత వుంది. ఇది ఎవరి అనుభవంలోంచి పుట్టిన మాట? జీవితంలో ఒకే ఒక్కసారి ఇంటి పని పెట్టుకుని, అప్పులపాలై, తలపట్టుకున్నవాడి అనుభవంలోంచి. అంటే కట్టించేవాడి అనుభవంలోంచి. ఏడాదికి నాలుగైదు ఇళ్ళకి పునాదులు తవ్వి, రాళ్ళు మోసి, గోడ లేపి, స్లాబు పోసి, చివరికి గృహప్రవేశం నాడు గుమ్మం బయట నిలబడేవాడికి ఈ సామెతతో పనిలేదు. వాడు కడుతూనే వుంటాడు. వాణ్ణి ఎవరూ 'కట్టి చూడు' అని సవాలు చెయ్యరు.

తెలుగు భాషకి ఈ తేడా బాగా తెలుసు. 'కట్టాడు' వేరు, 'కట్టించాడు' వేరు. చార్మినారుని 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు అంటాం గానీ కట్టాడు అనం. ఆ ఒక్క 'ఇంచు'లో వేల చేతులు కనపడకుండా పోయాయి. ఈ రెండు క్రియల మధ్యకి ఆధునిక చదువు మూడో క్రియని తీసుకొచ్చింది: 'డిజైన్ చేశాడు'. కట్టేవాడికీ కట్టించేవాడికీ మధ్య నక్షా గీసేవాడు వచ్చి కూచున్నాడు. వాడు ఆర్కిటెక్టు. మన పత్రికలు వాడికి పెట్టిన తెలుగు పేరు వాస్తుశిల్పి. ఆ పేరులో మొదటి సగం సంగతి తర్వాత చూద్దాం.

మేం ఈ వ్యాసంలో పరిశీలిస్తున్నది ఆ నక్షా గీసేవాణ్ణి తయారుచేసే చదువుని, ముఖ్యంగా పోస్టు గ్రాడ్యుయేట్ స్థాయి చదువుని. ఎందుకంటే రేపు కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్ళు, పట్టణాలకి ప్లాన్లు వేసేవాళ్ళు, ప్రభుత్వ గృహ పథకాలకి సలహాలిచ్చేవాళ్ళు, పాత కట్టడాల్లో దేన్ని కాపాడాలో తేల్చేవాళ్ళు ఎక్కువగా అక్కణ్ణుంచే వస్తారు. మా వాదన ఒక్కటే. ఈ చదువు అన్నిటినీ కొలుస్తుంది. గోడ మందం కొలుస్తుంది, కిటికీలోంచి వచ్చే వెలుతురుని కొలుస్తుంది, గాలి వేగాన్ని కొలుస్తుంది. ఊరికీ వాడకీ మధ్య వున్న దూరాన్ని మాత్రం కొలవదు. కొలవనంత మాత్రాన ఆ దూరం చెరిగిపోదు. కాగితం మీదకి రానిది నేల మీద అట్లాగే వుంటుంది. పైగా కొత్తగా కట్టే ప్రతిదాంట్లోకీ నడిచొస్తుంది.

ఇది నిన్న మొన్న పుట్టిన చదువు కాదు. ఢిల్లీ పాలిటెక్నిక్‌లో ఆర్కిటెక్చర్ శాఖ 1941లో మొదలైంది. అదే 1959 నాటికి స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ అయింది. అహ్మదాబాద్‌లో 1962లో ఇంకో స్కూలు పెట్టారు. 1972లో ఆర్కిటెక్ట్స్ చట్టం వచ్చింది, దాని కింద కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ ఏర్పడింది. ఆ చట్టం తర్వాత రిజిస్టరు కానివాడు తన్ను తాను ఆర్కిటెక్టు అని చెప్పుకోకూడదు. 2008లో విజయవాడలో, భోపాల్‌లో కేంద్రం కొత్త స్కూళ్ళు పెట్టింది. అదే ఏడాది హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఏర్పడింది. 2014 చట్టంతో కేంద్రం నడిపే మూడు స్కూళ్ళూ జాతీయ ప్రాముఖ్యం గల సంస్థలయ్యాయి. బి.ఆర్క్. ఐదేళ్ళు, ఆ పైన ఎం.ఆర్క్. రెండేళ్ళు. అర్బన్ డిజైన్, హౌసింగ్, కన్సర్వేషన్, ల్యాండ్‌స్కేప్, పర్యావరణం అంటూ రకరకాల స్పెషలైజేషన్లు. ఎనభై ఏళ్ళు దాటిన చరిత్ర ఇది. ఇన్నేళ్ళలో కులం ఈ చదువుకి ఒక పాఠంగా, ఒక కొలతగా ఎందుకు రాలేదన్నది మా ప్రశ్న.

మొదట మెజర్డ్ డ్రాయింగ్ సంగతి చూద్దాం. ఆర్కిటెక్చర్ విద్యార్థులు టేపులు పట్టుకుని ఏదో ఒక పాత ఊరికి పోతారు. కోనసీమలో మండువా లోగిలి, రాయలసీమలో మట్టి మిద్దె, ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిల్లు, తెలంగాణలో భవంతి, గడి. అంగుళం అంగుళం కొలిచి షీట్ల మీదకి ఎక్కిస్తారు. మండువాలోంచి వెలుతురు ఎట్లా దిగుతుంది, వాన నీళ్ళు ఎట్లా బయటికి పోతాయి, మట్టి గోడ వేడిని ఎట్లా ఆపుతుంది అని రాస్తారు. ఇదంతా నేర్చుకోవాల్సిందే, కాదనం. చుట్టిల్లు తుఫాను గాలికి నిలబడే తీరులో గొప్ప తెలివి వుంది. ఆ తెలివి ఎవరిదన్నది వేరే ప్రశ్న.

ఇంతకీ ఆ షీటు మీద అరుగు పక్కన ఏమని రాస్తారు? 'సెమీ పబ్లిక్ స్పేస్' అని. అంటే సగం ఇంటివాళ్ళది, సగం జనానిది. ఏ జనానిది? అరుగు మీద కూచున్నవాడెవడు, అరుగు కింద చేతులు కట్టుకుని నిలబడ్డవాడెవడు, అసలు ఆ వీధిలోకే చెప్పులు విప్పి రావాల్సినవాడెవడు? ఈ లెక్క తెలియకుండా అరుగు ఎత్తు రెండడుగులని రాస్తే కొలత పూర్తయినట్టేనా? ఆ రెండడుగులు వానకీ బురదకీ ఎంత ముఖ్యమో కులానికీ అంత ముఖ్యం. పాలేరు అన్నం తినే గొడ్లసావిడి షీటు మీద 'సర్వీస్ ఏరియా' అవుతుంది. దొడ్డిదారి 'సెకండరీ ఎంట్రీ' అవుతుంది. పాకీ పనివాళ్ళు ఇళ్ళ వెనకనుంచి వచ్చిపోయే సందు 'సర్వీస్ లేన్' అవుతుంది. ఇంగ్లీషు పదాలు నున్నగా వుంటాయి. వాటి మీద నుంచి కులం జారిపోతుంది.

ఇల్లు దాటి ఊరి నక్షాకి రండి. 'సెటిల్‌మెంట్ స్టడీ' అంటారు. గుడి, రచ్చబండ, చెరువు, బజారు, కోమట్ల వీధి, బ్రాహ్మణ అగ్రహారం అన్నీ వస్తాయి. మేం చూసిన ఇట్లాంటి నక్షాల్లో చాలావాటిలో వాడ షీటు అంచున ఒక బూడిదరంగు మచ్చ. కొన్నిట్లో అదీ లేదు, షీటు అక్కడికే అయిపోయింది. విద్యార్థి కావాలని చేశాడని మేమనం. వాడికి గైడు చెప్పిన మాట 'కోర్ ఏరియా' తీసుకొమ్మని. కోర్ అంటే ఊరు. అంచు అంటే వాడ. షీటుకి అంచు ఎక్కడ గియ్యాలో టేపు కంటే ముందే కులం తేల్చిపెట్టింది.

ఇప్పుడు వాస్తుశిల్పిలోని వాస్తు దగ్గరికి వద్దాం. భారతీయ ఆర్కిటెక్చర్ చరిత్ర పాఠంలో మయమతం, మానసారం గొప్పగా చెప్తారు. 1834లో రామరాజు రాసిన పుస్తకం లండన్‌లో అచ్చయిన నాటినుంచీ ఈ గ్రంథాల మీద పరిశోధన సాగుతూనే వుంది. వాస్తుపురుష మండలం గీయిస్తారు, ఆయం లెక్కలు కట్టిస్తారు. కానీ ఈ గ్రంథాల్లోనే ఏ వర్ణానికి ఏ రంగు మట్టి నేల తగునో రాసి వుంది. బ్రాహ్మణుడికి తెల్లది, క్షత్రియుడికి ఎర్రది, వైశ్యుడికి పసుపుది, శూద్రుడికి నల్లది. 1909లో శామశాస్త్రి అచ్చువేయించిన అర్థశాస్త్రం ఇంకో అడుగు ముందుకేసి కోటలో నాలుగు దిక్కుల్నీ వర్ణాలకి పంచి, చండాలుర నివాసం శ్మశానం అంచున వుండాలని చెప్పింది. ఇది క్లాసులో వచ్చినప్పుడు 'సింబాలిజం' అని దాటేస్తే చాలా? చచ్చినవాళ్ళ పక్కన బతికున్నవాళ్ళకి స్థలం కేటాయించడం సింబాలిజం కాదు, టౌన్ ప్లానింగ్.

దీన్ని టౌన్ ప్లానింగుగానే చదివినవాడు ఒకడున్నాడు. ఆయన ఆర్కిటెక్టు కాదు. అంబేద్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో గ్రామాన్ని ఆకాశానికెత్తేవాళ్ళని నిలదీశాడు. ఆయన పోయాక, 1989లో మహారాష్ట్ర ప్రభుత్వం రచనల ఐదో సంపుటంలో అచ్చువేసిన ఒక వ్యాసభాగంలో గ్రామం అంటరానివాళ్ళ మీద పెట్టిన నియమాల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టాడు. వాళ్ళ ఇళ్ళు ఊరికి విడిగా వుండాలి. అశుభమైన దక్షిణ దిక్కున వుండాలి. ఇంటికి పెంకులు కప్పుకోవడం నేరం. ఈ మూడింటినీ ఇవ్వాళ్టి మునిసిపల్ ఆఫీసు భాషలో రాసి చూడండి. మొదటిది జోనింగ్. రెండోది సైట్ సెలెక్షన్. మూడోది బిల్డింగ్ మెటీరియల్ స్పెసిఫికేషన్. సెట్‌బ్యాక్ అంటే రోడ్డునుంచి ఇల్లు ఎన్ని అడుగులు వెనక్కి వుండాలో చెప్పే నియమం అని విద్యార్థికి నేర్పుతారు. మొత్తం ఒక జనాన్నే ఊరినుంచి వెనక్కి నెట్టిన సెట్‌బ్యాక్ ఒకటుందని ఎవరు నేర్పాలి? అంబేద్కర్ రాసిన ఆ నాలుగైదు పేజీలు ప్రతి ఎం.ఆర్క్. విద్యార్థి తప్పకుండా చదవాల్సిన పాఠం అని మా అభిప్రాయం. ఆయన్ని రాజ్యాంగం పాఠానికీ విగ్రహానికీ వదిలేసి ఈ చదువు చేతులు దులుపుకుంది.

విగ్రహం మాట వచ్చింది కాబట్టి ఒక మాట. 2020లో హైదరాబాద్‌లో పాత సచివాలయాన్ని కూల్చారు. ప్రభుత్వం చెప్పిన కారణం భవనాలు పాతబడ్డాయని, అగ్నిప్రమాద నిబంధనలకి సరిపోవని. పత్రికల్లో మాత్రం వాస్తు దోషం మాటే మారుమోగింది. 2023 ఏప్రిల్ 30న తెరిచిన కొత్త భవనానికి అంబేద్కర్ పేరు పెట్టారు. దగ్గర్లోనే ఆయన 125 అడుగుల విగ్రహం. పేరు పెట్టడాన్ని మేం తక్కువ చెయ్యడం లేదు. కానీ దక్షిణ దిక్కున తోసెయ్యబడ్డ జనం కోసం దిక్కుల శాస్త్రాన్నే ప్రశ్నించిన మనిషి పేరున్న భవనం గురించి వాస్తు లెక్కలు మాట్లాడుకోవాల్సిరావడం ఎట్లాంటి వైపరీత్యమో ఆర్కిటెక్చర్ చదువుకున్నవాళ్ళలో ఎంతమంది రాశారు?

పాత శాస్త్రాల్ని ఒప్పుకోం, మేం ఆధునికులం అనేవాళ్ళున్నారు. మంచిదే, వాళ్ళకి ఆదర్శమైన చండీగఢ్‌నే చూద్దాం. 1950లలో లె కార్బూజియే, పియర్ జానెరె, మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ కలిసి పనిచేసిన నగరం. అక్కడ ఉద్యోగుల ఇళ్ళని హోదాని బట్టి 13 రకాలుగా విడగొట్టారు. పైన మంత్రి, అడుగున ప్యూను. ప్యూను ఇంటికి కూడా శ్రద్ధగా డిజైన్ చేశారు, దాన్ని మేం మెచ్చుకుంటాం. కానీ ఆ నగరాన్ని తమ చేతులతో కట్టిన కూలీలకి నక్షాలో స్థిరమైన చోటు లేదు. వాళ్ళు బస్తీల్లో వుండి కట్టారు, తర్వాత ఆ బస్తీలనే అక్రమం అన్నారు. ఈ విషయం మధు సరీన్ 1982లోనే ఒక పుస్తకంగా రాశారు. శాస్త్రం మారింది, భాష మారింది, కట్టినవాడు మాత్రం మళ్ళీ షీటు బయటే మిగిలాడు.

హౌసింగ్ స్పెషలైజేషన్‌లో నేర్పే భాష ఇంకా చిత్రం. ఇ.డబ్ల్యు.ఎస్., ఎల్.ఐ.జి., ఎం.ఐ.జి., హెచ్.ఐ.జి. అని మనుషుల్ని ఆదాయాన్ని బట్టి విడగొడతారు. బాలకృష్ణ దోషి ఇండోర్‌లో చేసిన అరణ్య కాలనీ ఈ పాఠంలో ముఖ్యమైన ఉదాహరణ. దానికి 1995లో ఆగాఖాన్ అవార్డు వచ్చింది. పేదవాడికి మొత్తం ఇల్లు కాకుండా నేలా, నీళ్ళ కుళాయీ, మరుగుదొడ్డీ ఇచ్చి తర్వాత వాడే పెంచుకునేట్టు చేసిన పద్ధతి అది. మంచి పద్ధతే. కానీ ఈ భాష మొత్తంలో మనిషికి జీతం వుంది, కులం లేదు. జీతం పెరిగితే అద్దె ఇల్లు దొరుకుతుందా? సుఖదేవ్ థోరట్ బృందం ఢిల్లీ చుట్టుపక్కల 2012లో అద్దె ఇళ్ళ కోసం వేర్వేరు కులాల, మతాల పేర్లతో విచారించి చూసి, 2015లో ఫలితాలు అచ్చువేసింది. అగ్రకులం పేరుకి తెరుచుకున్నంతగా దళితుడి పేరుకి తలుపు తెరుచుకోలేదు, ముస్లిం పేరుకి ఇంకా తక్కువ. మనకి దానికోసం ఢిల్లీ పోనక్కర్లేదు. 'మీరేమిట్లు?' అన్న ఒక్క ప్రశ్న చాలు. హెచ్.ఐ.జి. జీతమున్న దళిత ఉద్యోగి ఆ ప్రశ్న దగ్గర మళ్ళీ వాడ మనిషైపోతాడు.

ప్రభుత్వం కట్టే కాలనీల సంగతి తెలియనిదెవరికి? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గృహ నిర్మాణ సంస్థ 1979లో ఏర్పడింది. 2006లో ఇందిరమ్మ ఇళ్ళు వచ్చాయి. తెలంగాణలో 2015లో 560 చదరపు అడుగుల డబుల్ బెడ్రూం ఇళ్ళన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో పల్లెలో సెంటున్నర, పట్టణంలో సెంటు చొప్పున పట్టాలు పంచారు. సెంటు అంటే 48 గజాల పైచిలుకు. ప్రతి పథకానికీ ఒక టైపు డిజైన్ వుంటుంది. గది ఎంత, వంటిల్లు ఎంత, ఎన్ని బస్తాల సిమెంటు. ఇదంతా ఆర్కిటెక్టు పని. మరి ఆ కాలనీ ఊరికి ఏ వైపున, ఎంత దూరాన, చెరువుకి ఎగువనా దిగువనా అన్నది ఎవరి పని? అది 'డిజైన్ సమస్య' కాదట, రెవెన్యూ వాళ్ళ పనట. అట్లా రెవెన్యూకి వదిలేసిన చోటల్లా ఎస్సీ కాలనీ పాత వాడని ఆనుకునో, దానికంటే దూరంగానో లేచింది. తాటాకు పోయి స్లాబు వచ్చింది. పెంకుల మీద నిషేధం పోయింది. దూరం మాత్రం సిమెంటుతో గట్టిపడింది. ఇంటి ప్లానుని కోర్సులో ఆర్నెల్లు సరిదిద్దించి, కాలనీ వున్న చోటుని ఒక్క రోజు కూడా ప్రశ్నించని చదువు ఎవరికి పనికొస్తుంది?

ఇక మరుగుదొడ్డి. ఈ ఒక్క విషయంలో ఈ చదువు నిర్లక్ష్యం మనుషుల ప్రాణాలు తీస్తోంది. 1993లో పార్లమెంటు చేసిన చట్టం పేరు జాగ్రత్తగా చదవండి. పాకీ పనిలో మనుషుల్ని పెట్టడాన్నే కాదు, పొడి మరుగుదొడ్లు కట్టడాన్ని కూడా ఆ పేరులోనే నిషేధించారు. అంటే అది కట్టడం మీద వచ్చిన చట్టం. ఒక కట్టడం ఆకారమే ఒక కులాన్ని ఆ పనిలో బంధించి వుంచుతుందని పార్లమెంటు ఒప్పుకుంది. 2013లో ఇంకో చట్టం వచ్చింది. 2014లో సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు మురుగు కాల్వల్లో చనిపోయినవాళ్ళ కుటుంబాలకి పది లక్షలివ్వాలంది. 2023 అక్టోబరులో దాన్ని ముప్పై లక్షలు చేసింది. కోర్టు ధర పెంచాల్సి వచ్చిందంటే చావులు ఆగలేదనే కదా అర్థం.

మరి ఆర్కిటెక్చర్ విద్యార్థి ఏం నేర్చుకుంటున్నాడు? సెప్టిక్ ట్యాంకు గీస్తాడు. ఐ.ఎస్. 2470 ప్రకారం అరలు ఎన్ని, లోతెంత, గాలి గొట్టం ఎంత ఎత్తు అన్నీ గీస్తాడు. మూత మీద 'మ్యాన్‌హోల్' అని రాస్తాడు. మనిషి దిగే బొక్క అని ఆ పేరే చెప్తోంది. ఏ మనిషి? ఆ ప్రశ్నకి షీటు మీద చోటు లేదు. మనిషి దిగే అవసరం లేకుండా ట్యాంకు ఎట్లా గియ్యాలి, లారీ గొట్టం అందేట్టు ఎక్కడ పెట్టాలి, ఇరుకు సందులో మురుగు లైను ఎంత లోతున వెయ్యాలి అన్నవి సిసలైన డిజైన్ సమస్యలు. ఒక ఎం.ఆర్క్. థీసిస్‌కి సరిపోయేంత బరువున్నవి. మ్యూజియంకీ ఎయిర్‌పోర్టుకీ దొరికే జ్యూరీ గౌరవం దీనికి ఎందుకు దొరకదు?

కన్సర్వేషన్ చదువు ఇట్లాంటిదే ఇంకో పేచీ తెస్తుంది. 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో గోల్కొండ మెట్లబావులకీ, దోమకొండ కోటకీ గుర్తింపు వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట మెట్లబావిని బాగుచేసి తెరిచారు. చెత్తతో పూడిపోయిన బావుల్లో మళ్ళీ నీళ్ళు కనపడటం సంతోషమే. కానీ ఏ పాత బావిని కొలిచినా మెట్లెన్ని, లోతెంత, సున్నం ఏ పాళ్ళలో కలిపారు అని రాస్తారు. ఆ మెట్లు ఎవరు దిగొచ్చు, ఎవరు పైన నిలబడి ఎవరైనా పోస్తే దోసిలి పట్టాలి అన్న కొలత రాయరు. 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు తాగడానికి అంబేద్కర్ వెంట వేలమంది ఎందుకు నడవాల్సి వచ్చిందో తెలిసినవాడు మెట్లబావి సెక్షన్ గీసేటప్పుడు పెన్సిల్ ఆపి ఆలోచించాలి. గడి బాగుచేసేటప్పుడు డంగుసున్నం రెసిపీ వెతుకుతారు. ఆ సున్నం గానుగ వెట్టికి తిప్పినవాడి మనవడు అదే ఊళ్ళో వుంటాడు. వాణ్ణి అడిగిందెవరు? వాడి జ్ఞాపకం వారసత్వం కాదా?

ఈ విషయంలో ఆర్కిటెక్టుల కంటే కవులే ముందున్నారు. 1941లో వచ్చిన జాషువా గబ్బిలంలో దళితుడు తన బాధని శివుడికి చెప్పుకోవడానికి గబ్బిలాన్ని పంపుతాడు. ఎందుకు గబ్బిలాన్నే? గుడిలోకి దానికి ప్రవేశం వుంది, మనిషికి లేదు. గర్భగుడి, అంతరాళం, మండపం అంటూ గుడి ప్లానుని పాఠంగా చెప్పే పంతులు ఈ ఒక్క కావ్యాన్ని ఆ ప్లాను పక్కన పెట్టి చెప్తే విద్యార్థికి ద్వారం అంటే ఏమిటో అర్థమవుతుంది. తెరుచుకోవడానికీ ద్వారమే, మూసెయ్యడానికీ ద్వారమే.

స్టూడియో లోపలికి పోదాం. దళిత విద్యార్థి రిజర్వేషన్‌తో సీటు తెచ్చుకుని అడుగుపెడతాడు. షీట్లు, మోడళ్ళు, ల్యాప్‌టాప్, సాఫ్ట్‌వేర్, స్టడీ టూర్లు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చినా రాకపోయినా ఈ ఖర్చు మాత్రం రోజూ వుంటుంది. జ్యూరీ ముందు నిలబడితే మొదటి ప్రశ్న 'నీ ఇన్‌స్పిరేషన్ ఏమిటి?' ఇంగ్లీషులో అలవోకగా నాలుగు విదేశీ పేర్లు చెప్పగలిగితే అది సంస్కారం. 'మా నాయన తాపీ మేస్త్రి, మూల మట్టం ఎట్లా పట్టాలో ఆయన్ని చూసి నేర్చుకున్నా' అంటే అది బయోడేటా కూడా కాదు. ఇక్కడే అసలు పేచీ వుంది. వడ్డెరకి రాయి తెలుసు, ఉప్పరికి మట్టి తెలుసు, మాల మాదిగ మేస్త్రికి ఇటుక కట్టు తెలుసు, పాలమూరు లేబరుకి ఆనకట్టే తెలుసు. వాళ్ళ తెలివి 'నైపుణ్యం' అంటారు, జ్ఞానం అనరు. గీసే చెయ్యికి జ్ఞానమని పేరు, కట్టే చెయ్యికి కూలి. మనువు చేసిన పంపకాన్ని ఈ చదువు డిగ్రీ కాగితం మీద మళ్ళీ రాసిచ్చింది.

ఇది ఇట్లాగే వుండి తీరాలని లేదు. అమెరికా నల్లవాళ్ళ చరిత్రలో టస్కేజీ ఉదాహరణ మన ముందుంది. రాబర్ట్ టేలర్ అనే నల్ల విద్యార్థి 1892లో ఎం.ఐ.టి.లో ఆర్కిటెక్చర్ డిగ్రీ తీసుకున్నాడు. ఆ కాలేజీనుంచి పట్టా పొందిన మొదటి నల్లవాడు. ఆయన బుకర్ వాషింగ్టన్ పిలిస్తే అలబామాలోని టస్కేజీకి పోయి అక్కడి భవనాలకి నక్షాలు గీశాడు. ఇటుకలు చేసింది అక్కడి విద్యార్థులే, గోడలు లేపిందీ వాళ్ళే. బానిసలుగా ఇతరుల ఇళ్ళు కట్టిన జనం తమ బడి తామే గీసుకుని తామే కట్టుకున్నారు. కట్టడం, గీయడం ఒకే చోటికి వచ్చాయి. బుకర్ వాషింగ్టన్ రాజకీయాలతో డుబోయిస్‌కి వున్న తగాదా మాకు తెలుసు. చేతిపని దగ్గరే నల్లవాణ్ణి ఆపేస్తే అది ఇంకో సంకెళ్ళే అవుతుంది. మేం చెప్పేది అది కాదు. మేస్త్రి కొడుకు మేస్త్రి కావాలని కాదు, మేస్త్రి తెలివి క్లాసురూములో పాఠం కావాలని.

కొందరు మిత్రులు అంటారు, ఆర్కిటెక్చర్ టెక్నికల్ సబ్జెక్టు, కులం సోషియాలజీ వాళ్ళది కదా అని. సూర్యుడు ఏ దిక్కున పొడుస్తాడో, గాలి ఎటునుంచి వీస్తుందో ఆర్కిటెక్టుకి తెలియాలి గానీ కులం ఎటునుంచి వీస్తుందో తెలియక్కర్లేదా? వాడ మీంచి గాలి ఊరి మీదకి రాకూడదని లెక్కగట్టినవాడు టెక్నికల్ మనిషే. ఆ లెక్కని విప్పడానికీ టెక్నికల్ మనిషే కావాలి.

కట్టడం గురించి ఈ మధ్యకాలంలో ఒక గొప్ప పాఠం చెప్పింది ఆర్కిటెక్చర్ స్కూలు కాదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదుగురు దళిత పరిశోధకుల్ని హాస్టల్‌లోకి రావద్దన్నారు, అడ్మినిస్ట్రేషన్ భవనంలో, ఉమ్మడి స్థలాల్లో గుంపుగా కనపడొద్దన్నారు. అంబేద్కర్ రాసిన జాబితాకి ఇది ఎంత దగ్గరగా వుందో గమనించండి. వాళ్ళు 2016 జనవరిలో క్యాంపస్ షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర గుడారం వేసుకుని దానికి వెలివాడ అని పేరు పెట్టారు. జనవరి 17న రోహిత్ వేముల మనల్ని వదిలిపోయాడు. ఆ గుడారానికి ఏ కౌన్సిల్ అనుమతీ లేదు, ఏ టైపు డిజైనూ లేదు. నాలుగు ఫ్లెక్సీలు, కొన్ని గుంజలు, పరుపులు. కానీ యూనివర్సిటీ నక్షా దాచిపెట్టిన దూరాన్ని అది పట్టపగలు క్యాంపస్ నడిబొడ్డున గీసి చూపించింది. వాడ ఎక్కడ అని అడిగినవాళ్ళకి, ఇదిగో ఇక్కడ, మీ లైబ్రరీకి నడిచిపోయేంత దగ్గర్లో అని చెప్పింది.

మేం అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. మెజర్డ్ డ్రాయింగ్‌లో ఊరితోపాటు వాడని కూడా అదే స్కేలులో కొలవాలి. రెంటికీ మధ్య దూరం, బాట వెడల్పు, నీళ్ళు ఎటునుంచి ఎటు పారతాయి అన్నవి షీటు మీద రాయాలి. వాస్తు గ్రంథాలు చెప్పే క్లాసులో అంబేద్కర్ కూడా పాఠంగా వుండాలి. సంక్షేమ హాస్టలూ, సెప్టిక్ ట్యాంకూ, ఎస్సీ కాలనీ స్థల నిర్ణయమూ స్టూడియో ప్రాజెక్టులు కావాలి. మేస్త్రిని పిలిపించి క్లాసు చెప్పించాలి, ఆ క్లాసుకి పంతులికిచ్చే డబ్బే ఇవ్వాలి. జ్యూరీలో, ఫ్యాకల్టీలో మావాళ్ళుండాలి. కేంద్ర విద్యాసంస్థల టీచరు పోస్టుల్లో రిజర్వేషన్‌కి 2019లో చట్టమే వచ్చింది, అది కాగితం దాటి స్టూడియోలోకి రావాలి.

ఈ చదువులో వున్న దళిత బహుజన విద్యార్థులకి ప్రత్యేకంగా ఒక మాట. గైడు చెప్పిన కోర్ ఏరియా కొలిచాక టేపు చుట్టెయ్యకండి. ఇంకో షీటు అతికించి, ఊరి చివరి ఇంటి గోడ దగ్గర టేపు కొసని ఒకరికి పట్టుకోమని చెప్పి వాడ మొదటి ఇంటిదాకా నడవండి. ఎన్ని మీటర్లొచ్చిందో రాయండి. జ్యూరీలో ఎవరైనా ఇదెందుకు అని అడిగితే, ఆ ప్రశ్నకి జవాబు వాళ్ళనే చెప్పమనండి.